కొన్ని ఇళ్లు ఇట్టే అమ్ముడవుతాయి, కొన్ని ఏళ్లు నిలిచిపోతాయి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇల్లు అమ్మాలనుకునేవాళ్లు నన్ను అడిగేవి తిప్పితిప్పి ఈ ప్రశ్నలే. కొన్ని ధర గురించి, కొన్ని గోడల గురించి, మిగతావన్నీ ఓపిక నశించాక పుట్టినవి. జవాబులు అందరికీ నచ్చవు. సొంత ఇంటి గురించి నిజం వినడం కష్టం.

ఒకే వరసలో ఒకేలాంటి రెండు ఇళ్లు. ఒకటి మూడు వారాల్లో పోయింది, రెండోది ఏడాదైనా కదల్లేదు. తేడా ఎక్కడుంది?

చాలాసార్లు ఆ తేడా ఇంట్లో కనిపించదు. చూసి వెళ్లినవాడి తలలో మిగిలిపోయిన అనుమానాల్లో ఉంటుంది. ఇల్లు కొనడమనేది మనిషి జీవితంలో ఒకసారో రెండుసార్లో చేసే పని, అదీ ఏళ్ల తరబడి తీర్చాల్సిన అప్పు నెత్తిన పెట్టుకుని. భయం ఉండకపోతే ఆశ్చర్యపోవాలి. పైకప్పు మూలన మరక కనిపిస్తుంది: కారుతోందా? ధర వింటాడు: పక్కదానికన్నా ఎందుకెక్కువ? "మా అన్నయ్య సంతకం కూడా కావాలి, పెడతాడులెండి" అన్న మాట చెవిన పడుతుంది: వీళ్లిద్దరికీ పడదా ఏమిటి? ఇవేవీ మీ మొహం మీద అడగడు. "ఇంట్లోవాళ్లతో మాట్లాడి చెప్తాను" అంటాడు. తర్వాత ఫోను ఎత్తడు.

లోపం లేని ఇల్లు నేనింతవరకు చూడలేదు. త్వరగా పోయే ఇళ్లలోనూ లోపాలుంటాయి, అయితే లోపం కనిపించిన చోటే దానికి జవాబూ దొరుకుతుంది. ఆ జవాబు ఒక్కోసారి ధరలో ఉంటుంది, ఒక్కోసారి కాగితాల్లో, ఒక్కోసారి ఓనరు సూటిగా చెప్పిన ఒక్క మాటలో. కింద రాసినదంతా ఈ జవాబుల గురించే.

అన్నిటికన్నా ముందు చూసుకోవాల్సింది ధరేనా?

ధరే. చీకటి వంటగది, నిటారు మెట్లు, కిటికీ ఎదురుగా మొండిగోడ, పగలంతా బండ్ల మోత. వీటిలో ఏ ఒక్కటీ ఇంటిని అమ్ముడుపోకుండా ఆపలేదు. వాటిని లెక్కలో వేసుకోని ధర ఆపుతుంది. మూడో అంతస్తు, లిఫ్టు లేదు అంటే పెద్దవాళ్లున్న కుటుంబం గేటు దగ్గరే వెనక్కి తిరుగుతుంది. మెట్లెక్కగలిగిన కుర్ర జంట మాత్రం "ఓహో, అందుకే తక్కువకి ఇస్తున్నారు" అని తృప్తి పడి లోపలికి వస్తుంది. మార్చడం మీ చేతుల్లో లేనివన్నీ (చోటు, రోడ్డు వెడల్పు, వెలుతురు వచ్చే వైపు, పక్కింటి దగ్గరితనం) ధర చేతే చెప్పించాలి.

ఇంకో సంగతి అమ్మేవాళ్లు మరిచిపోతారు. మీ ఇల్లు మీకు ఒక్కటే. కొనేవాడు మాత్రం ఆ ఆదివారం అయిదు ఇళ్లు చూస్తున్నాడు. మీదాన్ని మీ జ్ఞాపకాలతో పోల్చడు, పొద్దున చూసిన నాలుగింటితో పోలుస్తాడు. ధర ఎక్కువగా చెప్పిన ఇల్లు ఊరికే నిలబడి ఉండదు, పక్క ఇంటిని అమ్మిపెడుతుంది. "దానికంటే ఇది నయం కదండీ" అని చూపించడానికి ఏజెంట్లకి అలాంటిదొకటి ఎప్పుడూ కావాలి. మీ ఇంటికి జనం వస్తున్నారు, చూస్తున్నారు, పొగుడుతున్నారు, వెళ్లి ఇంకోటి కొంటున్నారు అంటే మీరు ఆ పనిలో ఉన్నారేమో చూసుకోండి.

ఎలాగూ బేరం ఆడతారు. కాస్త ఎక్కువ చెప్పి, రాకపోతే తగ్గిస్తే పోయేదేముంది?

పోయేది మొదటి మూడు నాలుగు వారాలు. ఇంతకన్నా విలువైన వారాలు మళ్లీ రావు.

ఏ రోజు చూసినా, మీలాంటి ఇంటి కోసమే నెలలుగా వెతుకుతూ, అమ్మకానికున్నవన్నీ చూసేసి, కొత్తది ఏదైనా వస్తుందా అని కాచుకుని కూర్చున్నవాళ్లు కొందరుంటారు. డబ్బు సిద్ధంగా ఉంటుంది, ధరలు మీకన్నా బాగా తెలుసు. మీ ఇల్లు బయటికి రాగానే వాళ్లంతా ఒక్కసారే చూస్తారు. ఆ గుంపు దాటిపోయాక మిగిలేది సన్నటి ధార, కొత్తగా వెతుకులాట మొదలుపెట్టిన వాళ్లది. చెరువు నిండుగా ఉన్నప్పుడు ఊరుకుని, నీళ్లు తగ్గాక వల విసరడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. పైగా ఆ మొదటి గుంపు ఒకసారి "వద్దు" అనుకున్న ఇంటిని మీరు రెండు నెలల తర్వాత ధర తగ్గించినా మళ్లీ తెరిచి చూడదు.

రెండో నష్టం నెమ్మదిగా ముదురుతుంది. ఇల్లు ఎంతకాలంగా అమ్మకానికి ఉందో అదే ఒక అనుమానంగా మారిపోతుంది. "ఇన్నాళ్లు ఎవరూ కొనలేదంటే ఏదో ఉండే ఉంటుంది" అంటారు. అమెరికా ఆర్థికవేత్త కర్టిస్ టేలర్ 1999లో రాసిన పత్రంలో ఈ సంగతినే సిద్ధాంతంగా నిలబెట్టాడు: మార్కెట్లో గడిచిన రోజుల్ని కొనేవాళ్లు నాణ్యతకి గుర్తుగా చదువుతారు. చూసిపోయినవాళ్లు లోపం కనిపెట్టే వదిలేశారని తర్వాత వచ్చేవాళ్లు ఊహించుకుంటారు. నిజానికి మొదటివాళ్లు వదిలేసింది ధర చూసి కావచ్చు. ఆ ధర మీరు తగ్గించేసి ఉండవచ్చు. అయినా మచ్చ మిగిలిపోతుంది.

ఎదుటి పక్షం వాదన కూడా చెప్పాలి, ఎందుకంటే దాంట్లో కొంత నిజముంది. 1987లో నార్త్‌క్రాఫ్ట్, నీల్ అనే ఇద్దరు పరిశోధకులు అరిజోనాలోని టూసాన్‌లో ఒక పరీక్ష పెట్టారు. ఒకే ఇంటిని విద్యార్థులకీ, అనుభవమున్న ఏజెంట్లకీ చూపించారు. అందరికీ ఇచ్చిన వివరాలు ఒకటే, ఓనరు అడుగుతున్న ధర మాత్రం ఒక్కో జట్టుకి ఒక్కోటి. ఎక్కువ ధర విన్నవాళ్లు ఇంటి విలువ కూడా ఎక్కువే కట్టారు. ఏజెంట్లూ అంతే. తమాషా ఏమిటంటే, అడుగుతున్న ధర తమ మీద పనిచేయలేదని ఆ ఏజెంట్లలో ఎక్కువమంది అన్నారు. కాబట్టి పెద్ద అంకె మనసుల్ని లాగుతుంది, అబద్ధం కాదు. కానీ ఆ పరీక్షలో వాళ్లని ఇంటిదాకా తీసుకొచ్చారు. మీ ఇంటికి వాళ్లంతట వాళ్లు రావాలి. బేరానికి కాస్త చోటు ఉంచుకోండి, అంతే. చూడకుండానే పక్కకి నెట్టేసేంత అంకె పెట్టొద్దు.

కొన్నాళ్లు తీసేసి, మళ్లీ కొత్తగా పెడితే ఆ మచ్చ పోదా?

చాలామంది చేసే పనే. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఇళ్ల వివరాలు నమోదు చేసే ఉమ్మడి వ్యవస్థ 2006లో ఈ దారి మూసేసింది, తీసి మళ్లీ పెట్టినంత మాత్రాన రోజుల లెక్క సున్నాకి రాకుండా చేసింది. ఆ మార్పుని తర్వాత పరిశీలించినవాళ్లకి అక్కడ ఇళ్ల అమ్మకపు ధరలు తగ్గినట్టు కనిపించింది. రోజుల లెక్క కొనేవాళ్ల మీద ఎంత గట్టిగా పనిచేస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది. మీరున్న చోట అలాంటి నిబంధన లేకపోయినా, అదే ఫోటో, అదే పాత ధర, అదే గేటు మళ్లీ కనిపిస్తే గుర్తుపట్టని ఏజెంటు ఉండడు. తీసేస్తే, ఏదో ఒకటి నిజంగా మార్చి మళ్లీ పెట్టండి.

నేను పెట్టిన డబ్బు కూడా రాకుండా ఎలా అమ్మను?

ఈ ప్రశ్న అడిగే గొంతులో బాధ ఉంటుంది, నాకు తెలుసు. కానీ మీరు ఎంతకి కొన్నారో కొనేవాడికి సంబంధం లేదు. మీరు చవగ్గా కొని ఉంటే ఆ లాభం అతనితో పంచుకునేవారా? లేదు కదా.

1990లలో బోస్టన్ నగరంలోని అపార్టుమెంట్ల అమ్మకాల్ని జెనెసోవ్, మేయర్ అనే ఆర్థికవేత్తలు తవ్వి చూసి 2001లో ఫలితాలు ప్రచురించారు. అప్పటికి అక్కడ ధరలు పడిపోయి ఉన్నాయి. కొన్న ధరకన్నా ఇప్పటి విలువ తక్కువైపోయినవాళ్లు, ఆ తేడాలో 25 నుంచి 35 శాతం దాకా కలుపుకుని ధర చెప్పారు. వాళ్ల ఇళ్లు మిగతావాటికన్నా నెమ్మదిగా కదిలాయి. అమ్ముడైనవాటికి కొంచెం ఎక్కువ వచ్చిందన్నదీ నిజమే, కానీ అడిగినదాంట్లో చిన్న ముక్కే. పెట్టుబడికి కొన్నవాళ్లకన్నా సొంతంగా కాపురమున్నవాళ్లలో ఈ పట్టుదల రెట్టింపు దాకా ఉందని కూడా తేలింది.

దీనికి తోడు కాకి పిల్ల కాకికి ముద్దు. 1990లో కానమన్, నెచ్, థేలర్ అనే పరిశోధకులు చేసిన ప్రయోగంలో చేతికి ఒక కప్పు ఇచ్చిన కాసేపటికే, ఆ కప్పు ఉన్నవాళ్లు అడిగిన ధర, లేనివాళ్లు ఇస్తామన్న ధరకి దాదాపు రెట్టింపు పలికింది. కప్పుతోనే అలా ఉంటే, పిల్లలు నడక నేర్చిన హాలుకి ఎంత కడతాం?

నేను చెప్పే ఉపాయం ఒకటే: ఈ ఇల్లు మీది కాదు, చేతిలో అంత డబ్బుంది అనుకోండి. ఇవాళ ఈ ధర పెట్టి ఈ ఇల్లే కొంటారా? తడుముకోకుండా "కొంటాను" అనలేకపోతే ధర తప్పు.

మరి సరైన ధర తెలిసేదెలా?

అమ్మకానికున్న ఇళ్ల ధరలు చూసి లెక్క కట్టకండి. అవి ఆశలు. అమ్ముడైపోయినవాటి ధరలు చూడండి, గడిచిన ఆరు నెలల్లో, మీ ఇంటికి వయసులో, విస్తీర్ణంలో, చోటులో దగ్గరగా ఉన్నవి నాలుగైదు. ఆ తర్వాత తేడాలు కలుపుకోండి, తీసేసుకోండి. నాలుగేళ్లుగా నిలబడి ఉన్న ఇంటిని చూపించి "వాళ్లు అంత అడుగుతున్నారు, నేనెందుకు అడగకూడదు" అనేవాళ్లు ప్రతి వీధిలో ఒకరుంటారు. వాళ్లకి రాలేదు కనుకే ఇంకా అడుగుతున్నారు.

కంప్యూటరు లెక్కగట్టిన ధర మొదటి అంచనాకి పనికొస్తుంది. దాన్ని చేతిలో పెట్టుకుని యుద్ధానికి వెళ్లకండి. ఇళ్ల ధరల అంచనాకి పేరుమోసిన అమెరికా సంస్థ జిల్లో, తన అంచనాల మీద నమ్మకంతో స్వయంగా ఇళ్లు కొని అమ్మే వ్యాపారం పెట్టి, 2021 నవంబరులో ఆ వ్యాపారం మూసేస్తున్నట్టు ప్రకటించింది. ధరలు ఎటు పోతాయో అనుకున్నంత కచ్చితంగా చెప్పలేకపోయామన్నది వాళ్లు చెప్పిన కారణం. మీ పక్కింటి కుక్క రాత్రంతా మొరుగుతుందని ఏ లెక్కకీ తెలియదు.

ధర చివర 99 పెడితే లాభమా?

ఇల్లేమీ చెప్పుల జత కాదు. అయితే వెతికేవాళ్లు "ఇంతలోపు" అని ఒక గుండ్రటి అంకె దగ్గర గీత గీసుకుని వెతుకుతారు. మీ ధర ఆ గీతకి పిసరంత పైన ఉంటే వాళ్ల కంటికే పడరు. గీత మీదో, దానికి దిగువనో ఉండండి.

అమ్మే ముందు ఏం బాగుచేయించాలి, ఏం వదిలేయాలి?

అనుమానం పుట్టించేవి బాగుచేయించండి. అభిరుచికి సంబంధించినవి వదిలేయండి. కొత్త వంటగది చేయించి ఆ ఖర్చంతా ధరలో రాబట్టుకోవాలనుకుంటే తరచుగా చేతులు కాలతాయి, ఎందుకంటే కొనేవాడు మీరు ఎంచుకున్న బండల్ని పీకించి తనకి నచ్చినవి వేయించుకుంటాడు.

అనుమానాల్లో రాజు చెమ్మ. గోడ కింది భాగంలో తెల్లటి పొడి రాలుతుంటే అది సున్నం పాతబడి కాదు. గోడలోకి ఎక్కిన నీరు లోపలి లవణాల్ని కరిగించుకుని పైకి వచ్చి ఆవిరైపోతే, మిగిలిన ఉప్పు అది. నేల నుంచి పైకి ఎక్కుతోందా, బయటి గోడ పగులు నుంచి వస్తోందా, లోపల పైపు కారుతోందా అన్నది కనిపెట్టకుండా రంగు వేస్తే కొన్నాళ్లకే బుడగలు లేస్తాయి. పైకప్పు మరకకీ అదే వైద్యం: ముందు నీరు వచ్చే దారి మూయాలి, ఆరనివ్వాలి, తర్వాతే రంగు. పగుళ్లలో కూడా తేడా ఉంది. వెంట్రుక వాసి గీతలు చాలావరకు ప్లాస్టరు ఆరేటప్పుడు వచ్చినవి, భయం లేదు. ఇటుకల వరసల్లో మెట్లు మెట్లుగా దిగుతూ వెడల్పవుతున్న పగులైతే పునాది ఒకవైపు కుంగుతోందేమో అని ఆలోచించాలి. అలాంటిది ఉంటే ఇంజనీరుకి చూపించి, ఆయన రాసిచ్చిన కాగితం దగ్గర పెట్టుకోండి. ఆ కాగితం పది బకెట్ల రంగుకన్నా ఎక్కువ పనిచేస్తుంది.

చిన్నవి చిన్నవే అనుకోవద్దు. కారే కొళాయి, గీరుకుపోయే తలుపు, వెలగని బల్బు, పని చేయని స్విచ్చు. ఒక్కోటి బాగుచేయడానికి పూట పట్టదు. కానీ కొనేవాడు వాటిని లెక్కపెట్టడు, "కళ్ల ముందున్నవే పట్టించుకోనివాళ్లు కనిపించనివి ఏం పట్టించుకుని ఉంటారు" అనుకుంటాడు.

మొత్తం ఇంటికి కొత్తగా రంగులు వేయిస్తే?

పాతబడిన ఇంటికి లేత రంగు ఒక పూత మంచిదే. ఒక్క గోడకి మాత్రమే తాజాగా వేశారంటే మాత్రం, అనుభవమున్నవాడు నేరుగా ఆ గోడ దగ్గరికే వెళ్తాడు. పైన పటారం లోన లొటారం అన్న సామెత అతనికీ తెలుసు.

సామాను ఉంచాలా, ఖాళీ చేయాలా?

మధ్యరకం మేలు. పూర్తిగా ఖాళీ గది ఫోటోలో చిన్నదిగా కనిపిస్తుంది, మంచం పడుతుందో లేదో తెలియదు. నిండా సామాను ఉంటే గోడలే కనిపించవు. సగం సామాను ముందే సర్దేసి పంపించండి. ఎలాగూ ఇల్లు మారబోతున్నారు, ఆ పని ఇప్పుడే అయిపోతుంది.

ఇంటిని అద్దె సోఫాలతో, పరదాలతో ముస్తాబు చేసి చూపించడం కొన్ని దేశాల్లో పెద్ద వృత్తి. ఒకే ఇంటిని వేర్వేరు రంగుల్లో, వేర్వేరు సామానుతో తెర మీద చూపించి చేసిన ఒక అమెరికా అధ్యయనంలో, 2015లో వచ్చింది, చూసినవాళ్లకి ఇంటి మీద అభిప్రాయం మారింది గానీ ఇస్తామన్న ధర చెప్పుకోదగ్గంతగా మారలేదు. నాకు ఇది సబబుగానే తోస్తుంది. ముస్తాబు వల్ల ఇంకో ఇద్దరు వచ్చి చూస్తారు, డబ్బు లెక్క దగ్గర కూర్చున్నప్పుడు సోఫాని ఎవరూ లెక్కపెట్టరు.

ఫోటోల సంగతి?

గుమ్మం దాకా రప్పించేవి అవే, కాబట్టి అరపూట వాటికి కేటాయించండి. పగటి వెలుతురులో, కిటికీలు తెరిచి, దీపాలు కూడా వేసి తీయండి. గది మూలన నిలబడి, కెమెరా ఛాతీ ఎత్తులో పట్టుకుని, గోడల నిలువు గీతలు వంగకుండా. ఇంటిని బయటి నుంచి, తర్వాత లోపలికి నడిచే వరసలో పెట్టండి, చూసేవాడికి ఇంటి అమరిక అర్థం కావాలి. గదుల కొలతలున్న ప్లాను ఒకటి జతచేస్తే ఊరికే వచ్చిపోయేవాళ్లు తగ్గుతారు. మరీ వెడల్పు లెన్సుతో గదిని మైదానంలా సాగదీయకండి. నమ్మి వచ్చినవాడు గుమ్మంలోనే మోసపోయానని అనుకుంటాడు, ఇక మీరు చెప్పే ప్రతి మాటనీ ఆ లెన్సులోంచే చూస్తాడు.

ఇల్లు చూపించేటప్పుడు నేను ఉండాలా?

తలుపు తీసి, నీళ్లిచ్చి, పక్కకి తప్పుకోండి. ఓనరు వెంటపడి తిరిగితే వచ్చినవాళ్లు మొహమాటంతో అల్మరా తలుపు కూడా తెరవరు, తెరవని అల్మరా ఉన్న ఇల్లు ఎవరూ కొనరు. ఒకసారి ఒక పెద్దాయన ప్రతి గదిలో "ఇది మా అమ్మాయి గది, ఇక్కడే చదువుకుంది" అని చెప్పుకుంటూ వచ్చారు. వచ్చిన జంట చాలా గౌరవంగా విన్నారు. బయటికొచ్చాక ఆ జంటలోని అమ్మాయి నాతో అన్నది, "అంకుల్, ఆయన్ని ఇల్లు ఖాళీ చేయించినట్టు అనిపిస్తుంది, వద్దు."

ఇంటికి వాసన ఉంటుందా?

ఉంటుంది, మీకు తెలియదు. అలవాటైన వాసనని ముక్కు పట్టించుకోదు. పొగ, పెంపుడు జంతువులు, మూసేసిన గదుల ముక్క వాసన. మొహమాటపడని స్నేహితుణ్ణి పిలిచి గుమ్మంలో నిలబెట్టి అడగండి. గది నిండా సెంటు చల్లితే మాత్రం ఏదో కప్పిపుచ్చుతున్నారనే అర్థం.

లోపాలు మనమే చెప్పేయాలా? వాళ్లు కనిపెట్టేదాకా ఊరుకోవాలా?

చెప్పేయండి. చట్టం చాలాచోట్ల ఎలాగూ అడుగుతుంది, కానీ దాన్ని పక్కన పెట్టి లాభనష్టాలే చూసుకున్నా చెప్పడమే నయం. జార్జ్ అకర్లాఫ్ 1970లో పాత కార్ల అంగడి గురించి రాసిన పత్రం ఒకటుంది, ఆ కృషికే 2001లో ఆయనకి ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. సరుకు లోగుట్టు అమ్మేవాడికి తెలిసి కొనేవాడికి తెలియనప్పుడు, కొనేవాడు ప్రతి కారునీ చెడ్డదేమో అన్న భయంతోనే ధర కడతాడు. దాంతో మంచి కారు ఉన్నవాడు కూడా నష్టపోతాడు. ఇంటికీ ఇదే. మీరు చెప్పని లోపాన్ని కొనేవాడు నిజానికన్నా పెద్దదిగా ఊహించుకుని ధర తగ్గిస్తాడు, లేదా మాట్లాడకుండా వెళ్లిపోతాడు.

చెప్పే తీరు ముఖ్యం. "వానాకాలం వెనక గోడ కొంచెం చెమ్మ పడుతుంది, మేస్త్రీని పిలిపించాం, ఇదిగో ఆయన చెప్పిన ఖర్చు" అంటే అది అంతటితో తెగుతుంది. అడ్వాన్సు ఇచ్చాక బయటపడితే ఆ చెమ్మ ఒక్కటే కాదు, మీ కాగితాలు కూడా అనుమానంలో పడతాయి.

ఇల్లు నచ్చింది, ధర కుదిరింది, అయినా బేరం తప్పిపోయింది. ఎందుకు?

కాగితాలు. ఇళ్లు నిలిచిపోయే కారణాల్లో దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ, దీనివల్ల పోయే నెలలు ఎక్కువ. తాత పేరు మీదే ఉండిపోయిన ఆస్తి, దేశం దాటి వెళ్లిన వారసుడి సంతకం, తీర్చేసినా రికార్డుల్లోంచి తీయించని పాత తాకట్టు, అనుమతి లేకుండా వేసుకున్న పై గది, పత్రంలో ఒక కొలత నేల మీద ఇంకో కొలత. కొనేవాడు అప్పు తీసుకుంటున్నాడంటే మీ కాగితాల్ని ఇద్దరు చదువుతారు, అతనూ బ్యాంకు లాయరూ. అతను పోనీలే అన్నా లాయరు అనడు. వాల్యుయేషన్ కూడా వాళ్లదే: బ్యాంకు మనిషి వచ్చి మీరు కుదుర్చుకున్న ధరకన్నా తక్కువ కడితే, ఆ తేడా కొనేవాడు చేతి నుంచి వేసుకోవాలి. చాలామంది దగ్గర అంత ఉండదు.

అందుకే ఇల్లు అమ్మకానికి పెట్టకముందే మీరే ఒక లాయరుకి ఫీజు ఇచ్చి, కొనేవాడి తరఫున చదివినట్టు చదివించుకోండి. అతుకు ఎక్కడుందో ముందే తెలుస్తుంది. వారసులు నలుగురుంటే నలుగురూ కనీస ధర ఎంతో ఒక కాగితం మీద రాసుకున్నాకే బోర్డు పెట్టండి. బేరం నడుస్తుండగా మూడో తమ్ముడు ఫోను చేసి "నాకు చెప్పకుండా ఎలా?" అనడం నేను ఒకసారి కాదు, చాలాసార్లు విన్నాను.

ఇష్టపడి, ప్రత్యేకంగా కట్టించుకున్న ఇల్లు. అందరూ మెచ్చుకుంటారు, ఎవరూ కొనరు.

మెచ్చుకునేవాళ్లు వేరు, అందులో కాపురముండేవాళ్లు వేరు. అమెరికా ఆర్థికవేత్త డొనాల్డ్ హౌరిన్ 1988లోనే దీన్ని చూపించాడు: చుట్టుపక్కలవాటికి భిన్నంగా ఉన్న ఇల్లు అమ్ముడవడానికి ఎక్కువ కాలం పడుతుంది. అలాంటి ఇంటికి కొనేవాళ్లు తక్కువమంది, వాళ్లలో సరిగ్గా మీ అభిరుచి ఉన్నవాడు ఎప్పుడు వస్తాడో తెలియదు. ఓపిక పట్టగలిగితే అతను మంచి ధరే ఇస్తాడు. ఓపిక పట్టే స్థితి లేకపోతే, మామూలు ఇంటి ధరకి దగ్గరగా దిగాలి. రెండూ కావాలంటే కుదరదు.

ఇంట్లో తప్పేమీ లేదు, ధరా సబబే. అయినా మార్కెట్టే చచ్చిపోయినట్టుంది?

అది కూడా జరుగుతుంది. అప్పుడు మీ తప్పు వెతుక్కోకండి. కొనేవాడు నిజంగా కొనేది ఇంటిని కాదు, నెలనెలా కట్టగలిగే ఈఎంఐని. అమెరికాలో 30 ఏళ్ల ఇంటి అప్పు మీద సగటు వడ్డీ 2021 జనవరిలో 2.65 శాతానికి దిగి, 2023 అక్టోబరులో 7.79 శాతానికి ఎక్కింది. మొదటి వడ్డీ దగ్గర 100 అప్పు తెచ్చిపెట్టే ఈఎంఐ, రెండో వడ్డీ దగ్గర 56 మాత్రమే తెస్తుంది. మనిషి అతనే, జీతం అదే, కొనగలిగే ఇల్లు దాదాపు సగం. అలాగని ధరలు సగానికి పడలేదు, ఎందుకంటే తక్కువ వడ్డీకి అప్పు తీసుకున్న పాత ఓనర్లు ఆ అప్పు వదులుకోలేక అమ్మకం మానేశారు. కొనేవాళ్లూ తగ్గి, అమ్మేవాళ్లూ తగ్గి, 2023లో అక్కడ పాత ఇళ్ల అమ్మకాలు 1995 తర్వాత ఎన్నడూ లేనంత కిందికి వచ్చాయి.

కాలం ప్రభావమూ ఉంది. బ్రిటన్, అమెరికాల్లో వసంతం, వేసవి నెలల్లో అమ్మకాలూ ధరలూ రెండూ ఎక్కువని నాయ్, టెన్రేరో అనే ఆర్థికవేత్తలు 2014లో రాశారు. వాళ్ల వివరణ నాకు నచ్చింది: ఎక్కువ ఇళ్లు ఒకేసారి అమ్మకానికి ఉంటే ఎవరికి కావాల్సింది వాళ్లకి దొరుకుతుంది, నచ్చిన ఇంటికి జనం ఎక్కువ ఇస్తారు, అందుకే ఇంకా ఎక్కువమంది ఆ నెలల కోసమే ఆగుతారు. మీరున్న చోట బడి సెలవులు, బదిలీలు ఎప్పుడో చూసుకోండి. కానీ మూడు వారాల మంచి ముహూర్తం కోసం ఆరు నెలల వడ్డీ కట్టకండి.

ఏజెంటు "ఇచ్చేయండి సార్, ఇంతకన్నా రాదు" అంటున్నాడు. నమ్మాలా?

అతని లెక్క ఒకసారి మీరే వేసి చూడండి. మీకు ధరలో 5 శాతం అదనంగా వస్తే అది మీకు పెద్ద డబ్బు. అందులో అతని కమిషన్ చిన్న పిసరు, దానికోసం ఇంకో నెల తిరగాలి. లెవిట్, సివర్సన్ అనే ఆర్థికవేత్తలు 2008లో ప్రచురించిన పరిశీలనలో, అమెరికాలో సుమారు లక్ష ఇళ్ల అమ్మకాలు చూస్తే, ఏజెంట్లు తమ సొంత ఇళ్లు అమ్ముకున్నప్పుడు సుమారు 9.5 రోజులు ఎక్కువ ఆగి, 3.7 శాతం ఎక్కువ ధర రాబట్టుకున్నారు. మోసమని కాదు. తొందర ఎవరిది అన్నదే తేడా.

అలాగని మొదట వచ్చిన మంచి ఆఫరుని తోసిపుచ్చడం కూడా తప్పే. పైన చెప్పిన కాచుకుని ఉన్న గుంపులోంచి వచ్చేది ఆ ఆఫరే. "మొదటివాడే ఇంత ఇస్తానంటే తర్వాతివాడు ఇంకెంత ఇస్తాడో" అని వదిలేసి, ఎనిమిది నెలల తర్వాత ఆ మొదటివాడి నంబరు వెతుక్కున్నవాళ్లు నాకు తెలుసు. అతను అప్పటికే ఎక్కడో పాలు పొంగించేసుంటాడు.

ఆరు నెలలైంది. ఇప్పుడేం చేయాలి?

ఎక్కడ ఆగిపోతోందో చూడండి. అసలు ఫోన్లే రావడం లేదంటే ధర గానీ ఫోటోలు గానీ కారణం, ఇంట్లో ఒక్క ఇటుక కూడా కదపనక్కర్లేదు. జనం వస్తున్నారు, చూస్తున్నారు, ఎవరూ ధర చెప్పడం లేదంటే ఫోటోలకీ ఇంటికీ పొంతన లేదు, లేదా లోపల ఏదో తగులుతోంది. ధర దాకా వచ్చి తప్పిపోతుంటే కాగితాలు, బ్యాంకు, లేదంటే ఇంట్లోవాళ్ల మధ్య తేలని మాట. జబ్బు ఒకచోట, మందు ఇంకోచోట వేయకండి. జనమే రాని ఇంటికి వంటగది మార్పించినవాళ్లని చూశాను.

చూసి వెళ్లినవాళ్లలో ముగ్గురికి ఫోను చేయండి. "కొనమని అడగడం లేదండీ, ఎందుకు వద్దనుకున్నారో చెప్తే చాలు" అనండి. ఒకరు ఎత్తరు, ఒకరు మర్యాదకి ఏదో చెప్తారు, మూడోవాళ్లు నిజం చెప్తారు. ధర తగ్గించాల్సిందే అని తేలితే ఒకేసారి తగ్గించండి, వెతికేవాళ్లు గీసుకున్న గీత దాటి కిందికి వచ్చేంత. నెలకింత చొప్పున కొంచెం కొంచెంగా దింపితే, చూసేవాడు వచ్చే నెల కోసం ఆగుతాడు.